బీటులో పట్టని తెలుగు

కిందటి వారం రష్మిని మైకు ముందు నిలబెట్టి మనం మన పనుల మీద వెళ్ళిపోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. పొద్దున్నే కొరాపుట్‌లో రైలెక్కి, చిన్ననాటి స్నేహితురాలు సస్మితని వెంటబెట్టుకుని, రాయగడలో ప్రసాద్ ఫ్లెక్సీ షాపుకి వచ్చింది. ప్రసాద్ ముందుగదిలో పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ ఫ్లెక్సీలు అచ్చువేస్తాడు. వెనకగదిలో గోడలకి పాత బొంతలు కొట్టి పాటలు రికార్డు చేస్తాడు. శనివారం సాయంత్రం ఊళ్ళో కొత్త గాయకుల సభ ఉంది. అందులో రాప్ పాడడానికి ఒక్కరికే చోటు. ఆ ఒక్కరెవరో తేల్చి పంపే పని ప్రసాద్‌కి అప్పజెప్పారు. రష్మి పాట కట్టింది వాళ్ళమ్మ మీద. అప్పమ్మ కొరాపుట్‌లో వీధులూడ్చే మనిషి. పాట బాగుందన్నాడు ప్రసాద్, బీటూ బాగుందన్నాడు, ఆ రెండూ మాత్రం కలవడం లేదన్నాడు. "మజ్జానం లోగా నీ తెలుగు బీటులో కూసుంటే సరి. నేదంటే హిందీలో రాసుకో" అని గడువు పెట్టాడు. అక్కడే కదా మనం వదిలింది.

హిందీలో రాయడం రష్మికి పెద్ద పనేం కాదు. బళ్ళో చదువుకుంది, సినిమాల్లో వింది, అరగంట కూర్చుంటే రాసి పారేస్తుంది. కానీ అప్పమ్మకి హిందీ రాదు. ఒడియా అయితే ఆఫీసులో సంతకం పెట్టేంత వచ్చు, అక్కడి కొండజనం మాట్లాడే దేశియా అయితే సంతలో చింతపండు బేరమాడేంత వచ్చు. నవ్వాలన్నా, తిట్టాలన్నా, కడుపులో మాట చెప్పుకోవాలన్నా ఆవిడకి తెలుగొక్కటే. తన మీద కట్టిన పాట తన ఎదుటే పాడుతుంటే, పక్కవాళ్ళ మోచెయ్యి పొడిచి "ఏటంతంది?" అని అడగాల్సిన గతి అమ్మకి పట్టకూడదు. రష్మి పంతమంతా అదే. ఆ పిల్ల పంతం పట్టిందంటే ఉడుంపట్టే.

"ఇంకోసారి ఎయ్యన్నా" అంది రష్మి.

"ఎన్నిసార్లమ్మీ? ఆ కంప్యూటరు కూడా అలిసిపోతంది" అన్నాడు ప్రసాద్. అంటూనే వేశాడు. మనిషి నోరు చేదు గాని, చెయ్యి చేదు కాదు.

బీటు మొదలైంది. రష్మి ఫోనులో రాసుకున్నది చూస్తూ అందుకుంది.

"తెలవారక ముందె లేసి వీధి తుడిసి..."

ఇది ఎలాగో ఇరికింది. ఆఖర్న 'తుడిసి'ని మాత్రం నమలకుండా మింగాల్సి వచ్చింది. రెండో లైను ఎత్తుకుంది.

"ఊరంతా లేసేసరికి మాయమ్మ పోయింది..."

'మాయమ్మ' సగంలో ఉండగానే బీటు అయిపోయి కొత్త బీటు మొదలైంది. రష్మి మిగతా సగం పట్టుకుని దాని వెనకాల పరిగెత్తింది. మూడో లైనుకి ఊపిరి లేదు, నాలుగో లైనుకి మాట లేదు.

"అదిగో, మళ్ళీ అదే సోట" అని ప్రసాద్ ఆపేశాడు. "ప్రెతిసారీ మీయమ్మ దగ్గరే తెగిపోతంది. ఆవిడ బీటు బయటే ఉండిపోతంది."

ఆ మాట రష్మికి ఎక్కడో గుచ్చుకుంది. "బీటే తొందరగా ఉందన్నా" అంది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆ పిల్లకీ తెలుసు. అన్నాక సిగ్గుపడింది కూడా.

ప్రసాద్ కసురుకోలేదు. బీటుని నెమ్మది చేసి చూపించాడు. ఇప్పుడు 'మాయమ్మ' పట్టింది గాని, మొదటి లైను నీళ్ళు తాగి ఉబ్బిన బిస్కట్టులా జారిపోయింది.

"ఇది రాపు కాదు, బారసాల పాట. ఉయ్యాలొకటి తే, ఊపుదాం" అన్నాడు.

"నాను లెక్కెట్టి రాసేనన్నా. లైనుకి పద్నాలుగక్షరాలు. ఒకటెక్కువ నేదు, ఒకటి తక్కువ నేదు. అనుమానముంటే నువ్వే లెక్కెట్టుకో."

ప్రసాద్ నిజంగానే వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. మొదటిది పద్నాలుగు, రెండోదీ పద్నాలుగే. తల గోక్కున్నాడు. లెక్క సరిపోయి పాట సరిపోకపోవడమేమిటో అతనికీ అంతుపట్టలేదు.

ఈ లెక్క రష్మికి ఎక్కడిదో చెప్పాలి. కొరాపుట్‌లో పుట్టిన మన తెలుగు పిల్లలు బడికి వెళ్ళేది ఒడియాలో. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు మాట్లాడతారు, పలక మీద ఒడియా దిద్దుతారు. రష్మికి తెలుగు అక్షరమ్ముక్క రాదు. అమ్మ పాటని కూడా ఫోనులో ఒడియా లిపిలోనే రాసుకుంది. పాట కట్టడమంటే ఏమిటో ఆ పిల్లకి నేర్పింది కూడా బళ్ళో ఒడియా మాస్టారే. లైనుకి పద్నాలుగు అక్షరాలని వేళ్ళ మీద లెక్కపెట్టించి, ఒక్కటి తప్పితే చెవి మెలిపెట్టేవాడు. ఆ మెలి ఇప్పటికీ గుర్తుంది గనకనే, రష్మి తెలుగులోనూ అదే కొలత వేసింది.

"సస్మితా, నువ్వొకసారి సదువు. నా సెవులే సెడిపోనాయో ఏటో" అన్నాడు ప్రసాద్.

సస్మిత మూలనున్న స్టూలు మీంచి లేచింది. ఒడియా వాళ్ళ పిల్ల. రష్మి వాళ్ళ కాలనీ పక్కనే పెరిగింది గనక తెలుగు ముక్కలు కొన్ని వచ్చు. నలుగురిలో నోరు విప్పని మనిషి. బళ్ళో ప్రార్థనప్పుడు కూడా వెనక వరసలో నిలబడి పెదాలు మాత్రం కదిపేది. ఎందుకులే అన్నట్టు హెడ్‌ఫోన్ పెట్టుకుని, రష్మి ఫోను చేతిలోకి తీసుకుని, ఒడియా అక్షరాలని ఒడియాలాగే చదివింది.

"ఉరొంత లెసెసొరికి మయొమ్మ పొయింది..."

కూర్చుంది! పీట మీద పెళ్ళికొడుకులా కూర్చుంది. లైను బీటుతో మొదలై, బీటుతో పోయి, ఆఖర్న ఊపిరి తీసుకోవడానికి కాస్త చోటు కూడా మిగిల్చింది. సస్మిత ఆగకుండా అన్ని లైన్లూ చదివేసింది. గొంతులో ఏదో నిప్పుంది. ఇన్నేళ్ళుగా ఆ నిప్పుని ఎక్కడ దాచిందో పిల్ల!

ప్రసాద్ కుర్చీలోంచి లేచిపోయాడు. "ఓలమ్మ! ఎక్కడున్నావే ఇన్నాళ్ళూ? ఒక్క టేకులో!"

సస్మిత ముఖం ఎర్రబడింది. రష్మి కూడా చప్పట్లు కొట్టబోయింది. రెండు చేతులూ దగ్గరికొచ్చి మధ్యలో ఆగిపోయాయి.

"తాళం కుదిరింది గాని, అది తెలుగు కాదన్నా" అంది.

"ఏటి కాదు? నువ్వు రాసిందే సదివింది."

"మాటలు నావే. పలికితే నావి కావు. మాయమ్మ ఇంటే ఒక్క ముక్క పోల్చుకోనేదు."

"మీయమ్మొక్కర్తీ సబంతా కాదమ్మీ" అన్నాడు ప్రసాద్. గొంతు మారింది. పనివాడి గొంతు పోయి బేరగాడి గొంతు వచ్చింది. "సబలో సగంమంది ఒడియా వొల్లు. మిగతా సగంమంది తాళమింటారు గాని మాటెవులింటారు? పాట నువ్వు రాసేవు, తను పాడతాది. ఇద్దరికీ పేరొస్తాది. మజ్జిగౌరమ్మ తల్లి మీదొట్టు, నీకు అన్యాయం సెయ్యను."

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది వ్యవహారం. రష్మికి ఒళ్ళు మండింది. "ఇది నా పాట. మాయమ్మకి అర్థమయ్యేలాగ నానే పాడతాను" అంది.

"అయితే కూసోబెట్టు! కూసోదు గదా నీకు!"

ఆ మాట నిజం. అదీ బాధ.

ముందుగదిలో ఎవరో పిలిచారు. ప్రసాద్ ఫోను నొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. సస్మిత స్టూలు మీద కూర్చుని, హెడ్‌ఫోన్‌లో తన గొంతు తనే మళ్ళీ వింటోంది. వింటూ నవ్వుకుంటోంది. ఆ నవ్వు చూస్తే రష్మికి కోపం రాలేదు, అసూయ వచ్చింది. ఉన్నమాట చెప్పుకోవాలి.

అసూయ పడుతూ కూర్చుంటే పని జరగదు. రష్మి తన టేకు ఒకసారి వింది, సస్మిత టేకు ఒకసారి వింది. మళ్ళీ తనది, మళ్ళీ సస్మితది. అవే అక్షరాలు, అదే వరస. మరి తన లైను ఎక్కడ లావైంది? కళ్ళు మూసుకుని 'ఊరంతా' దగ్గరే పదేపదే విన్నది. సస్మిత 'ఉ' అని వదిలేసి ముందుకుపోతోంది. తను 'ఊ' అని అక్కడే ఇంకాస్త నిలబడుతోంది. సస్మిత 'లెసె' అంటోంది, తను 'లేసే' అంటోంది. ప్రతి దీర్ఘం దగ్గరా తను ఆలస్యమవుతోంది.

వేలి కణుపుతో బల్ల మీద కొట్టి చూసుకుంది. 'తె'కి ఒక దెబ్బ. 'ల'కి ఒక దెబ్బ. 'వా'కి ఒకటి చాలలేదు, రెండు పట్టాయి. 'ముం' రెండు. రెండో లైనులో 'మాయమ్మ'లోని 'య' కూడా ఒత్తుని మోసుకుంటూ రెండు దెబ్బల చోటు ఆక్రమించింది. మొదటి లైనుకి మొత్తం పద్దెనిమిది దెబ్బలు. రెండో లైనుకి ఇరవైమూడు. బీటులో లైనుకి ఉన్న చోటు పదహారు.

రష్మి బల్ల మీద అరచెయ్యి వేసి గట్టిగా చరిచింది. సస్మిత ఉలిక్కిపడింది.

ఒడియాలో దీర్ఘం కాగితం మీద ఉంటుంది గాని నోట్లో సాగదు. అక్షరానికి అక్షరం సమానం, అందరికీ ఒకే పీట. మాస్టారి లెక్క ఆ ఇంట్లో చెల్లింది. తెలుగింట్లో అలా కుదరదు. ఇక్కడ కొన్ని అక్షరాలు ముడుచుకు కూర్చుంటాయి, కొన్ని కాళ్ళు బారచాపుకుంటాయి. తలలు లెక్కపెడితే చాప చాలదు, కూర్చున్న తీరు చూసి చాప పరవాలి. ఇన్నాళ్ళూ తను తలలు లెక్కపెట్టింది.

తప్పు దొరికాక మనిషికి వచ్చే బలం అంతా ఇంతా కాదు. ఫోను బోర్లా పెట్టేసింది. లిపితో పనిలేదు, నోరుంది, వేలుంది. బీటులో నాలుగు పెద్ద దెబ్బలు, ఒక్కో పెద్ద దెబ్బలో నాలుగు చిన్న దెబ్బలు. ఆ నాలుగేసి దెబ్బల్లో పట్టే మాటలు వెతుక్కోవాలి. 'ఊరంతా' అంటే దెబ్బ దాటి పక్కింట్లోకి పోతోంది. 'ఊరే' అంటే చక్కగా ఇంట్లోనే ఉంది. 'లేసేసరికి' పొడుగు. అమ్మ ఇంట్లో ఏమంటుంది? 'లేసే యేలకి' అంటుంది. 'యేలకి'... రెండు, ఒకటి, ఒకటి. నాలుగు! 'మాయమ్మ పోయింది'కి చోటు లేదు. ఎటు పోయింది, ఎలా పోయింది? మాయమైపోయింది. 'మాయం.' నాలుగు.

ఇష్టమైన మాటలు కొన్నిటిని వదులుకోవాల్సి వచ్చింది. 'మాయమ్మ' అన్న మాటే లైనులోంచి పోయింది. దానికి గుండె కాస్త చివుక్కుమంది. అయినా మాట పోతే పోయింది, అమ్మ లోపలికొచ్చింది కదా అనుకుని సరిపెట్టుకుంది.

ప్రసాద్ తిరిగొచ్చేసరికి రష్మి మైకు ముందు నిలబడి ఉంది.

"బీటు ఎయ్యన్నా. పాత వేగమే."

"మళ్ళీనా?"

"ఎయ్యి."

వేశాడు.

"తెలతెల వారక ముందే లేసి
సీపురు సేతికి సుట్టం సేసి
ఊరే లేసే యేలకి మాయం
ఎవులికి తెలుసే సేతుల గాయం..."

ఒక్క మాట మింగలేదు. ఒక్క మాట పరిగెత్తలేదు. దీర్ఘం దీర్ఘంలా, ఒత్తు ఒత్తులా, అప్పమ్మ గుమ్మంలో నిలబడి కేకేసినంత తేటగా తెలుగు బీటు మీద నడిచి వెళ్ళింది. 'గాయం' దగ్గర రష్మికి అమ్మ అరచేతులు గుర్తొచ్చాయి. ఆగకుండా అలాగే పాడేసింది.

పాట అయ్యాక ప్రసాద్ బీటు ఆపేశాడు. "కూసుందమ్మీ. బాగా కూసుంది" అన్నాడు. మెచ్చుకోలు మాటే, ముఖంలో మాత్రం సంతోషం లేదు. కంప్యూటరు వైపు చూస్తాడు, గుమ్మం వైపు చూస్తాడు, రష్మి వైపు మాత్రం చూడడు.

"ఏటన్నా?" అంది రష్మి.

అతను నోరు తెరిచేలోగా రష్మి ఫోను మోగింది. అమ్మ.

"అమ్మీ! నీ పాటొచ్చిందే! పక్కింటి రాజ్యం ఫోన్లో ఇన్నాం" అంది అప్పమ్మ. వెనకాల కాలనీ అంతా గోలగోలగా ఉంది. "రాయగడవొల్లు ఎట్టేరంట. కాలనీవొల్లందరూ మన గుమ్మంలోనే ఉన్నారు. మీ నాన్న ఎట్టిందే ఎట్టించుకుంతన్నాడు."

రష్మి ప్రసాద్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"ఎలగుందమ్మా?" అంది రష్మి.

"బాగుంది. సప్పుడు బెమ్మాండంగుంది. గొంతుక ఏటి అలగైపోనాది, జలుబు సేసిందేటి?" అప్పమ్మ ఆగింది. గోలలోంచి పక్కకి వచ్చినట్టుంది, గొంతు తగ్గించింది. "ఒక్క మాటడుగుతాను, కోప్పడకు. అది ఏ బాసమ్మీ? రాజ్యం దేశియా అంతంది. మీ నాన్న ఒడియా అంతన్నాడు. నాకేటీ తెలక తలూపేసేను. అందులో నువ్వు ఎవుల గురించి సెప్పేవు?"

 ఏ మాట వినకూడదని పొద్దున్నించీ తిండీ తిప్పలూ మానుకుందో, ఆ మాటే. అదీ అమ్మ నోటి నుంచే.

"అమ్మీ, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. శనివారం ఒచ్చీ. ఎవుల గురించో నానే సెప్తాను. నీకు తెలిసేలాగ సెప్తాను" అని ఫోను పెట్టేసి, ప్రసాద్ ముందుకి వచ్చి నిలబడింది. "తీసెయ్."

"సస్మిత టేకు ఫోన్లో ఎట్టింది నానే, తీసెస్తానమ్మీ. ఇప్పుడే తీసెస్తాను. అది నా సేతిలో పని." ప్రసాద్ ముందుగది వైపు నడిచాడు. "ఇంకోటుంది. ఇలగొచ్చి సూడు."

ముందుగదిలో మిషను నడుస్తోంది. శనివారం సభ ఫ్లెక్సీ తడితడిగా బయటికి జారుతోంది. పైన సభ పేరు వచ్చింది, పాటగాళ్ళ పేర్లు ఒక్కొక్కటే దిగాయి. రాప్ అన్న చోట పెద్ద ఒడియా అక్షరాలతో ఒకటే పేరు. సస్మిత.

"మజ్జానం లోగా పేరంపమన్నారు. నీ లైను కుదరదనుకున్నాను, పంపేసేను. నా తప్పే, కాదన్ను" అన్నాడు ప్రసాద్. "ఇప్పుడు నాను మార్చమంటే మార్చరు, నువ్వు మార్చమంటే అసలే మార్చరు. ఆ పిల్ల తనంతట తాను పాడనని ఫోను సేసి సెప్తే మారుస్తారు. అంతే దారి."

దారి ఉందన్నమాట. రష్మికి ఊపిరొచ్చింది. సస్మిత ఎవరు? చిన్నప్పట్నుంచి ఒకే గొడుగులో బడికి నడిచిన పిల్ల. అడగడమే ఆలస్యం. వెనక్కి తిరిగింది.

సస్మిత గుమ్మంలోనే నిలబడి ఉంది. హెడ్‌ఫోన్ ఇంకా మెళ్ళోనే ఉంది. మిషనులోంచి దిగుతున్న తన పేరునే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

"సస్మితా, ఫోను చేసి చెప్పు" అంది రష్మి ఒడియాలో.

"చెప్పను."

తనకే సరిగ్గా వినపడలేదేమో అనుకుంది రష్మి. సస్మిత గొంతు వణకలేదు.

"నా పేరు ఇంతవరకూ ఎవరూ ఎక్కడా రాయలేదు, రష్మీ. నేను తీయించను. శనివారం నేనే పాడతాను. నువ్విప్పుడు కట్టిన లైన్లే పాడతాను. దీర్ఘాలు ఎలా పలకాలో కూర్చోబెట్టి నేర్పు, మీ అమ్మకి ప్రతి మాటా తెలిసేలా పాడతాను." రెండడుగులు వేసి రష్మి ఎదురుగా వచ్చి నిలబడింది. "పాటలో ఎవరున్నారో మీ అమ్మకి తెలియాలనే కదా పొద్దున్నించీ పోట్లాడావు? నీకు కావలసింది అదేనా, మైకా? ఇప్పుడే చెప్పు."